1/8 మాసెరాటి 250ఎఫ్ మొత్తం లోహంతో చేస్తున్న, చక్రాల కాడ ఇరుక్కుపోయిన

ఇత్తడి_రజను (బాలానగర్):

అన్నలందరికి నమస్తే. ఇన్ని రోజులు మీరు రాసింది చదువుడే తప్ప నేను ఒక్క ముక్క రాయలే. ఇప్పుడు వేరే దారి లేక రాస్తున్న. పొద్దంతా టూల్‌రూమ్ డ్యూటీ, రాత్రి తొమ్మిది దాటినంక ఇంటి వెనక రేకుల షెడ్డుల చిన్న చైనా లేత్ మీద ఈ పని. కిట్ కాదు, కొన్న బొమ్మని మార్చింది కాదు, రాడ్డు, రేకు, ట్యూబు, తీగ, వీటి నుంచే మొత్తం.

బండి మాసెరాటి 250ఎఫ్, 1950ల నాటి ఫార్ములా వన్ రేసు కారు, 1/8 అంటే అసలు దాంట్ల ఎనిమిదో వంతు. అందుల కూడా 1957 ఆగస్టు 4న జర్మనీ రేసు ట్రాక్ నూర్‌బర్గ్‌రింగ్‌ల అర్జెంటీనా డ్రైవర్ ఫాంజియో నడిపిన 1 నంబర్ బండి, ఛాసిస్ నంబర్ 2529. ఒక్కటే బండిని ఎందుకు పట్టుకున్ననంటే 250ఎఫ్‌లు ఏ రెండూ ఒక్క తీరు ఉండవు. ముక్కు వేరు, లూవర్లు (రేకుల గాలి పోయే చీలికలు) వేరు, ఈ రేసుల ఉన్నది వచ్చే రేసు నాటికి కోసేసి ఇంకోటి పెట్టేటోళ్ళు. అన్ని ఫోటోలు కలిపి చేస్తే ఏనాడూ లేని బండి తయారైతది.

ఇప్పటిదాకా అయింది ఇది. వీల్‌బేస్ 2280 మి.మీ., 8తోని భాగిస్తే సరిగ్గ 285, ఫ్రేమ్ ఇత్తడి ట్యూబుతోని చేసి వెండి టంకం పెట్టిన. ఇంజన్ బోరు 84 స్ట్రోకు 75 కదా, నా దాంట్ల బోరు 10.5 వస్తది, లోపల పిస్టన్లు ఏం లేవు, బయట కనిపించేదే. క్యామ్ కవర్లు రెండు ఆకురాయితోనే అరగదీసిన, చేతులు బొబ్బలెక్కినయి. మూడు వెబర్ కార్బురేటర్లల్ల ఒకటి అయింది.

ఇక బాధ చెప్తా. బొర్రానీ కంపెనీ తీగల చక్రాలు. రిమ్ము అల్యూమినియం రాడ్డుల నుంచి తిప్పిన, 16 అంగుళాల చక్రం గదా, 8తోని భాగిస్తే 50.8 మి.మీ., బయటి అంచు అంతే పెట్టిన. స్పోక్స్ 0.5 మి.మీ. స్టీల్ తీగ. ఒక వరస మొత్తం ఎక్కించి అరల్డైట్ పెట్టి తెల్లారి రెండో వరస ఎక్కించిన. ఆరినంక లేత్‌ల పెట్టి తిప్పితే వంకర కొలిచే డయల్ గేజి ముల్లు 0.8 మి.మీ. కొడుతున్నది. ఎడ్లబండి చక్రం నయం. మూడు చక్రాలు ఇట్లనే పోయినయి. 0.8 అంటే అసలు బండిల ఆరున్నర మి.మీ., ఆ చక్రంతోని ఫాంజియో కాదు గదా నేను కూడా ఎక్క.

ఎవరికన్న తెలిస్తే చెప్పండి.


ప్లాస్టిక్_బాబు (గుంటూరు):

బ్రో ఏం ఓపిక బ్రో మీది. నేను 1/20 ప్లాస్టిక్ కిట్లు చేస్తా అంతే. ఒక డౌట్, తప్పుగా అనుకోవద్దు, చక్రాలు రెజిన్‌లో 3డీ ప్రింట్ కొట్టించి సిల్వర్ వేసేస్తే రెండు రోజుల్లో అయిపోద్ది కదా? ఎవడు చూస్తాడు?


ఇత్తడి_రజను:

నేను చూస్త తమ్మి.


వెర్నియర్_మామ (కూకట్‌పల్లి):

ప్రింట్ తప్పు కాదు బాబూ, కానీ 0.5 స్పోకు రెజిన్‌లో కొట్టిస్తే నాలుగు ఎండాకాలాలు గడిచేసరికి కారు బరువుకే వంగుతుంది. ఈ కారు ఇత్తడి, రాగి, అల్యూమినియం. పూర్తయ్యేసరికి చిన్న రోలంత బరువు ఉంటుంది. రెజిన్ స్పోకుల మీద రోలు పెట్టి చూడు.

రజను గారూ, మీ పోస్టు రెండు సార్లు చదివాను. నేను సీఐటీడీలో (టూల్ డిజైన్ నేర్పే సంస్థ) చదువుకుని ముప్పై ఏళ్ళు ప్రెస్ టూల్స్ డిజైన్ చేసి రిటైరయిన మనిషిని, అందుకని అడక్కుండానే తప్పులు వెతుకుతాను, ఏమనుకోకండి. 50.8 దగ్గర మీరు పప్పులో కాలేశారు. 16 అంగుళాలన్నది టైరు కూర్చునే చోటు కొలత. రిమ్ము అంచు దానికన్నా పైకి లేచి ఉంటుంది. మీరు బయటి అంచునే 50.8 పెడితే చక్రం చిన్నదైపోయింది, దాని మీద సరైన టైరు పెడితే సైడ్‌వాల్ లావుగా కనిపిస్తుంది, అదేదో తేడాగా ఉందే అని అందరికీ అనిపిస్తుంది గానీ ఎక్కడో ఎవరికీ తెలీదు. కాబట్టి ఆ మూడు చక్రాలు వంకర లేకపోయినా పనికొచ్చేవి కాదు. బాధపడకండి.


ఇత్తడి_రజను:

మామా మీరు ఓదార్చినరా తిట్టినరా అర్థం కాలే 😄

నిజమే. సైకిల్ రిమ్ము కూడా అంతే గదా, తెలిసి తెలిసి గుడ్డోని లెక్క చేసిన.


కోవెంట్రీ_రావు (యూకే):

థ్రెడ్ ఇప్పుడే చూశాను. నేను ఇంజనీర్ని కాదు, ఐటీ. కానీ ప్రతి సెప్టెంబర్‌లో గుడ్‌వుడ్ రివైవల్ అనే పాత రేసు కార్ల పండగకి వెళ్తాను, అక్కడ 250ఎఫ్‌లు ప్యాడాక్‌లో, అంటే బండ్లు నిలిపే చోట, ఊరికే నిలబడి ఉంటాయి, తాడు కూడా కట్టరు చాలా చోట్ల, ముట్టుకోకుండా ఎంత దగ్గరికైనా వెళ్ళొచ్చు. పోయినసారి నేను చక్రాల ఫోటోలే దాదాపు నలభై తీశాను, మా ఆవిడ నన్ను వేరే మనిషిలా చూసింది.

రిమ్ము అంచు సంగతి మామ గారు చెప్పింది కరెక్టే. ఫోటో నుంచి కొలత తీయాలంటే దగ్గర నుంచి ఫోన్‌తో తీసింది పనికిరాదు, మధ్యలో ఉబ్బినట్టు వస్తుంది. దూరంగా వెళ్ళి జూమ్ లెన్స్‌తో చక్రానికి ఎదురుగా, హబ్ ఎత్తులో కూర్చుని తీయాలి. నేను అలా తీసినవి ఆరేడు ఉన్నాయి, ప్రింట్ తీసి వీల్‌బేస్ 285 వచ్చేలా సైజు మార్చుకుంటే మిగతావన్నీ స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. పంపిస్తాను.

ఒక హెచ్చరిక. ఇవాళ తిరుగుతున్న బండ్లు 1957లో ఉన్నట్టు ఉండవు. ముఖ్యంగా టైర్లు. ఇప్పుడు హిస్టారిక్ రేసుల్లో దాదాపు అన్నీ డన్‌లప్. ఆ సీజన్లో మాసెరాటి వాళ్ళు వాడింది పిరెల్లి, ఫెరారీ వాళ్ళు ఎంగిల్‌బర్ట్. కాబట్టి నా ఫోటోల్లో టైరు డిజైను చూసి చెక్కేరు, అది తప్పు. టైరుకి మాత్రం పాత నలుపు తెలుపు ఫోటోలే దిక్కు.


చిలకలపూడి (బందరు):

నేను కార్ల మనిషిని కాదండి. మాది రోల్డుగోల్డు పని, మా నాన్న, తాత అందరూ అదే, చిలకలపూడి అంటే తెలిసే ఉంటది. మా అబ్బాయి ఈ పేజీ చూపించి నాన్నా ఎవరో తీగలతో కష్టపడుతున్నారు నువ్వు చెప్పు అన్నాడు, వాడే టైపు చేస్తున్నాడు నేను చెప్తుంటే.

మీ బాధ జిగురులో లేదు, తీగలో ఉంది. ఆ తీగ చుట్టలోంచి కోశారు కదా? చుట్టలోంచి వచ్చిన తీగకి సుళి ఉంటది. కంటికి తిన్నగానే కనపడుద్ది, బల్ల మీద దొర్లిస్తే చివరలు తాళం వేస్తయ్. అట్టాంటి ముక్కలు యాభై అరవై ఒక రిమ్ములో పెడితే ప్రతి ముక్కా రిమ్ముని తన వైపు నెడతది. జిగురు ఆరేదాకా చేత్తో పట్టుకున్నంతసేపు బానే ఉంటది, వదిలేశాక దాని బుద్ధి అది చూపిస్తది.

తీగని ముందు తిన్నగా చేసుకోవాలి. మేమైతే కమ్మచ్చులో, అంటే తీగ లాగే బెజ్జాల పలకలో, రెండు బెజ్జాలు లాగుతాం, లాగితే సన్నబడుద్ది, తిన్నగానూ అవుద్ది. మీకు కమ్మచ్చు లేకపోతే మూర పొడుగు తీగ తీసుకుని ఒక కొన వైసులో బిగించి రెండో కొన పటకారుతో పట్టుకుని గట్టిగా లాగండి. చేతికి తెలుస్తది, మొదట బిగుసుద్ది, తర్వాత ఒక్క క్షణం వెన్నలాగా సాగుద్ది. అక్కడ ఆపెయ్యాలి. ఇంకా లాగితే తెగుద్ది. అప్పుడు బల్ల మీద దొర్లించండి, సూది దొర్లినట్టు దొర్లుద్ది.

ఇంకోటి, స్టీలు ఎందుకండి? టంకం సరిగ్గా పట్టదు, యాసిడ్ వెయ్యాలి, వేస్తే తర్వాత తుప్పు. జర్మన్ సిల్వర్ తీగ తీసుకోండి, చూడ్డానికి స్టీలే, టంకం ఇట్టే పట్టుద్ది.


ఇత్తడి_రజను:

పెద్దాయనా మీకు దండం. ఇప్పుడే షెడ్డుకి పోయి మిగిలిన స్పోకులు బల్ల మీద దొర్లిచ్చిన. ఒక్కటి కూడా సక్కగ దొర్లలే. అన్నీ అరటికాయలే. మూడు నెలలు నేను జిగురుని తిట్టిన.


సైకిల్_శీను (వరంగల్):

మా బాబాయిది సైకిల్ షాపు. ఆయన బెండు తీసేటప్పుడు చూసిన, ఒక పక్క స్పోకులన్నీ వరసగ ఎప్పుడూ బిగియ్యడు. ఇక్కడ ఒకటి, ఎదురుంగ ఒకటి, మళ్ళ అడ్డంగ ఒకటి. అన్న మీరు ఒక వరస మొత్తం పెట్టి ఆరబెట్టి తెల్లారి రెండోది పెట్టిన్రు గదా, మొదటి వరస రిమ్మును ఒక దిక్కు గుంజుకొని అక్కడ్నే గట్టిపడ్డది. రెండో వరస ఏం చేస్తది పాపం.


వెర్నియర్_మామ:

శీను చెప్పింది నూటికి నూరు. ఈ ఇద్దరి మాటలకీ నేను కలిపేది ఒక ఫిక్చర్, అంటే ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచే బిగింపు. ఇరవై మి.మీ. మందం అల్యూమినియం ప్లేటు ఒకటి లేత్‌లో పెట్టి ఒకే సెట్టింగ్‌లో, ప్లేటు తీయకుండా, మధ్యలో హబ్ కూర్చునే పిన్నూ చుట్టూ రిమ్ము కూర్చునే గాడీ రెండూ తిప్పేయండి. తీసి మళ్ళీ పెట్టారా, సెంటర్ పోయినట్టే. హబ్ ఎంత ఎత్తులో ఉండాలో ఆ ఆఫ్‌సెట్ కూడా దాంట్లోనే. రిమ్మూ హబ్బూ బిగించేశాక ఇక అవి ఎటూ కదలవు, స్పోకులు బిగుతు లేకుండా ఊరికే బెజ్జాల్లో కూర్చోవాలి, అన్నీ పెట్టాకే టంకం. మోడల్ చక్రంలో స్పోకు బరువు మోస్తే చాలు, అసలు చక్రంలోలా లాగి పట్టుకోవాల్సిన పని లేదు.

బెజ్జాలు సమాన దూరంలో వేసే డివైడింగ్ హెడ్ లేకపోతే కంగారు లేదు. లేత్ స్పిండిల్ వెనక ఒక గేరు తగిలించి స్ప్రింగు పిన్నుతో పన్ను పన్నుకీ ఆపుకోవచ్చు. వరసలో మీ లెక్క ఎంతో దానితో భాగించబడే పళ్ళున్న గేరు తీసుకోండి. 60 పళ్ళయితే ఆరు డిగ్రీలకొకటి. అగ్గిపెట్టె ముక్క ఇరికించి పన్ను ఆపినా పని జరుగుతుంది, నేను చేశాను, ఎవరికీ చెప్పకండి.


ప్లాస్టిక్_బాబు:

అల్యూమినియం రిమ్ముకి టంకం పట్టదు కదా మామగారూ? నాకు ఆ మాత్రం తెలుసు 😅


చిలకలపూడి:

బాగా అడిగాడు అబ్బాయి. పట్టదు. అందుకని రిమ్ము మీద, అంటే టైరు కిందకి వెళ్ళిపోయే వైపు, పల్చటి ఇత్తడి రేకు కడియంలాగా చుట్టండి, రిమ్ము బెజ్జాలూ కడియం బెజ్జాలూ ఒకేసారి వెయ్యండి. తీగ కొన రెండిట్లోంచీ బయటికి వస్తది, అక్కడ కడియానికి టంకం. బయట చూసేవాళ్ళకి అల్యూమినియమే కనపడుద్ది, టైరు ఎక్కాక కడియం ఉందని దేవుడికి కూడా తెలీదు. మేం గాజులకి లోపల రాగి పెట్టి పైన బంగారు రేకు వేసే పనే ఇది, తిరగేశారంతే.

టంకం అయ్యాక యాసిడ్‌లో ముంచకండి, అల్యూమినియం తినేస్తది. వేడి నీళ్ళు, మెత్తటి బ్రష్షు చాలు. ఇత్తడి ముక్కలు విడిగా ఉన్నయ్ అయితే చింతపండు నీళ్ళల్లో ఉడకేస్తే తెల్లారేసరికి కొత్త పెళ్ళికూతురులా ఉంటయ్.


ఇత్తడి_రజను:

చింతపండు సంగతి మా ఇంట్ల ఇప్పటికే గొడవ. ఫ్రేమ్ ముక్కలన్నీ అట్లనే కడిగిన. పోయిన నెల పప్పుచారు లేదు.


సుత్తిదెబ్బ (విజయవాడ ఆటోనగర్):

బాబూ చక్రాల సంగతి వీళ్ళు చూసుకుంటారు, బాడీ ఏంటో చెప్పు. మనది ఆటోనగర్లో టింకరింగ్, ఇరవై రెండేళ్ళు, లారీ క్యాబిన్లు బస్సు మూతులు. ఈ మాసెరాటి బాడీ కూడా ఎవరో మనలాంటోడు సుత్తితో కొట్టిందే అని మా అల్లుడు చెప్పాడు, ఫాంతూజీయో ఎవరో పేరు.


కోవెంట్రీ_రావు:

మెదార్దో ఫాంతూజీ. మోడెనాలో. అవునండీ, అచ్చం చేత్తో కొట్టిన అల్యూమినియమే. అందుకే ఎడమ పక్కా కుడి పక్కా కూడా అద్దంలో చూసినట్టు ఒకేలా రావు. రజను గారూ మీరు కంప్యూటర్లో ఒక సగం గీసి మిర్రర్ కొట్టారంటే అక్కడే దొరికిపోతారు.


ఇత్తడి_రజను:

బాడీకి గుమ్మడి టేకు చెక్కతోని దిమ్మె చెక్కుతున్న, సగం అయింది. రేకు మాత్రం ఇంక తేల్చలే. రాగి అయితే మెత్తగ ఉంటది, అతుకులకి టంకం పెట్టుకోవచ్చు, ఎట్లాగూ ఎర్ర పెయింటు కిందికి పోతది. అల్యూమినియం అయితే అతుకు కష్టం. కానీ బానెట్ తీస్తే లోపలి వైపు కనిపిస్తది, అక్కడ పెయింటు ఉండదు, రాగి ఉంటే ఎర్రగ దొరికిపోతది. రాణిగంజ్‌ల 0.5 అల్యూమినియం మెత్త గ్రేడు దొరికింది, రెండు షీట్లు తెచ్చి పెట్టుకున్న.


సుత్తిదెబ్బ:

అల్యూమినియమే కొట్టు. కానీ ఒక్కటి, దాన్ని కాల్చడం నేర్చుకో ముందు. ఇనుము ఎర్రబడుద్ది, రాగి ఎర్రబడుద్ది, ఇది ఎర్రబడదు, మంట పెడతా ఉంటావ్ పెడతా ఉంటావ్ ఏం మారదు, ఇంకొంచెం అనుకుంటావ్, టప్‌మని మధ్యలో జారి కింద పడుద్ది. 660కే కరిగిపోయే రకం. మొదట్లో నేను ఒక అంబాసిడర్ కారు అల్యూమినియం బీడింగు అట్టా పోగొట్టి మా మేస్త్రీ చేత చెంపదెబ్బ తిన్నా.

బట్టల సబ్బు తీసుకో, రేకు మీద గీతలు గియ్యి. కింద నుంచి మంట చూపించు, దూరంగా, తిప్పుతా. సబ్బు గీత ముందు పసుపు, తర్వాత గోధుమ రంగు, తర్వాత నల్లగా అవుద్ది. నల్లబడగానే మంట తీసెయ్. చల్లారనియ్యి. అప్పుడు రేకు చేతిలో అప్పడం పిండిలా ఉంటది. నాలుగు దెబ్బలకి మళ్ళీ గట్టిపడుద్ది, మళ్ళీ సబ్బు. ఓపిక లేకుండా గట్టిపడ్డ రేకుని కొట్టావంటే అంచున చీరుద్ది.

ఆ ముక్కుకి ఇసుక సంచి మీద ముందు గుంట లేపుకుని తర్వాత దిమ్మె మీదకి పో. డైరెక్టుగా దిమ్మె మీద ముడతలు పడతయ్.


వెర్నియర్_మామ:

0.5 అన్నారు కాబట్టి ఒక మాట. అసలు బండి రేకు మందాన్ని 8తో భాగిస్తే మనం కొట్టలేనంత పల్చన అవుతుంది. బాడీ అంతా 0.5 ఉన్నా నష్టం లేదు, కంటికి కనిపించేది అంచు మాత్రమే. కాక్‌పిట్ అంచు, బానెట్ అంచు, లూవర్ పెదవి, వీటిని లోపలి వైపు నుంచి ఆకురాయితో ఏటవాలుగా పల్చన చేయండి. చూసేవాడు మొత్తం రేకు అంత పల్చన అనుకుంటాడు. ఇంగ్లండ్‌లో జెరాల్డ్ వింగ్రోవ్ అని 1/15 స్కేల్‌లో కార్లు చేసిన మహానుభావుడు, ఆయన మోడళ్ళ ఫోటో స్కేలు పక్కన లేకుండా పెడితే అసలు కారే అనుకుంటాం. ఆ భ్రమంతా అంచుల్లోనే ఉంటుంది.


ఇత్తడి_రజను (అయిదు వారాల తర్వాత):

అన్నలారా చక్రాల ముందు లూవర్ల కథ చెప్తా, ఎందుకంటే దీంట్ల దెబ్బ తిన్న.

రావన్న పంపిన ఫోటోలు, నా దగ్గరున్న 1957 నాటి ఫోటోలు కలిపి చూసి పక్క ప్యానెల్ గీసుకున్న. స్టీలు ముక్కతోని పంచ్ చేసిన, మామ ఫోన్‌ల చెప్పినట్టు ఒక అంచు మాత్రం కోసేటట్టు పదును, మిగతా మూడు దిక్కుల గుండ్రంగ అరగదీసి నున్నగ పాలిష్ కొట్టిన. కింద డై. రేకు పక్కకి జరగకుండ ఒక స్టాపు. ఒక్కో లూవర్ కొట్టుడు, స్టాపు జరుపుడు, మళ్ళ కొట్టుడు. చూస్తుంటే సినిమా తీరు ఉన్నది, రేకు మీద చిన్న చిన్న చేప మొప్పలు వరసగ లేస్తుంటే. కరెంటు పోయింది కూడా సోయి లేదు, ఫోన్ లైట్ పెట్టి కొట్టిన. ఒక పక్క ప్యానెల్ మొత్తం రాత్రి ఒంటిగంటకి అయింది.

తెల్లారి దాన్ని దిమ్మె మీద పెట్టి ఒంపు తిప్పబోయిన. లూవర్ ఉన్న కాడ రేకు గట్టిగ ఉన్నది, లూవర్‌కి లూవర్‌కి మధ్యల మెత్తగ ఉన్నది. ఒంపు తిరగలే, మధ్య మధ్యల మడతలు పడ్డయి. రేకుల షట్టర్ చూసినరా, గట్లనే. పక్కకి పెట్టేసిన.


వెర్నియర్_మామ:

నేను ఫోన్లో ముందు ఒంపు తిప్పండి అని చెప్పాను.


ఇత్తడి_రజను:

చెప్పినరు మామా. ఆ టైంల కుక్కర్ విజిల్ వచ్చింది.


సుత్తిదెబ్బ:

ముందు ఒంపు, కాల్చు, తర్వాత లూవర్. ఆ డై పైభాగం కూడా ప్యానెల్ ఒంపుకి తగ్గట్టు అరగదీసుకో, లేకపోతే కొట్టిన చోటల్లా చప్పిడి మచ్చ పడుద్ది. చెడిపోయిన ప్యానెల్ పారెయ్యొద్దు, పెయింటు టెస్టుకి పనికొస్తది.

పెయింటు అంటే గుర్తొచ్చింది, మరీ అద్దంలా మెరిసేట్టు క్లియర్ కోటు మీద కోటు దిగ్గొట్టకు. లూవర్ సందులు పూడిపోతయ్. అప్పటి రేసు బండి పెళ్ళి కారు కాదు. పల్చగా రెండు కోట్లు, ప్రైమర్ మాత్రం అల్యూమినియానికి పట్టే ఎచ్ ప్రైమరే కొట్టు, లేకపోతే గోరుతో గీకితే పొరలా లేచొస్తది.


ప్లాస్టిక్_బాబు:

నేను ఒకటి చెప్పనా, సీఎంసీ వాళ్ళ 1/18 250ఎఫ్ డైకాస్ట్ మా ఫ్రెండ్ దగ్గరుంది, దాన్ని కొలిచి లూవర్లూ అవీ లెక్క చూసి పంపమంటారా?


వెర్నియర్_మామ:

వద్దు నాయనా. అది చాలా మంచి మోడలే, కానీ మోడల్ చూసి మోడల్ చేస్తే వాళ్ళు ఎక్కడ సర్దుకున్నారో ఆ సర్దుబాటు కూడా మనం కాపీ కొడతాం, పైగా వాళ్ళు చేసింది ఏ రేసు బండో మనది ఏ రేసు బండో. ఫోటోనే గురువు.

నువ్వు అడుగుతూనే ఉండు. ఆ అల్యూమినియం టంకం ప్రశ్న నువ్వు అడక్కపోతే కడియం ఆలోచనే వచ్చేది కాదు.


కారం_దోశ (కొత్త సభ్యుడు):

ఇంత టైం, ఇంత డబ్బు పెట్టి ఒక బొమ్మ కారా? ఆ టైంలో నిజం బుల్లెట్ రీస్టోర్ చేసుకోవచ్చు. వీళ్ళకి పనేం లేదా


మోడరేటర్:

కారం_దోశ గారూ, బుల్లెట్ రీస్టోరేషన్‌కి పక్క విభాగం ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ థ్రెడ్ నడవనివ్వండి.


సైకిల్_శీను:

రజనన్న, చక్రం ఏమాయె? ఎదురు చూస్తున్నం.


ఇత్తడి_రజను:

ఆగు శీనూ, చెప్తున్న.

నాలుగో చక్రం అయింది. అంచు కొలత ఫోటో నుంచి తీసిన, టైరు కూర్చునే చోటు మాత్రం 50.8, ఈసారి సరైన కాడ. జర్మన్ సిల్వర్ తీగ బేగంబజార్ల అడిగితే ఇత్తడి సామాన్ల దుకాణం ఆయన లోపలి గల్లీ చూపెట్టిండు, అక్కడ దొరికింది. పెద్దాయన చెప్పినట్టు వైసుకి బిగించి గుంజిన. మొదటి మూడు తెగినయి. నాలుగోది, ఆయన అన్న ఆ వెన్న లాంటి సాగుడు, అది చేతికి తెలిసిన క్షణం నాకు నవ్వొచ్చింది నిజంగ, షెడ్డుల ఒక్కణ్ణే నవ్వుకుంటున్న. బల్ల మీద దొర్లిస్తే అంచు దాకా పోయి కింద పడ్డది. వెతుక్కోవడానికి పది నిమిషాలు.

ప్రతి స్పోకుకి హబ్ వైపు తల ఉంటది గదా, తీగ కొనని చిన్న మంటల పెడితే బొట్టు కడుతుందేమో అని చూసిన, నల్లబడ్డది తప్ప గుండ్రంగ రాలే. తర్వాత ఒక స్టీలు ముక్కల బెజ్జం వేసి తీగ పెట్టి కొన మీద చిన్న సుత్తితోని మూడు దెబ్బలు కొడితే మేకు తల తీరు వచ్చింది. ఒక్కో చక్రానికి ఒక రాత్రి తలలకే పోయింది.

ఫిక్చర్ల రిమ్ము, హబ్ బిగించి ఎదురెదురుగ పెట్టుకుంట పోయిన. బిగుతు లేదు, ఊరికే కూర్చున్నయి. వెనక కడియానికి టంకం, ఇక్కడొకటి అక్కడొకటి, శీను వాళ్ళ బాబాయి లెక్కల. చల్లారేదాక ముట్టుకోలే, పోయి అన్నం తిని వచ్చిన. ఫిక్చర్ల నుంచి తీసి లేత్‌ల పెట్టి డయల్ ముల్లు ఆనించి చేత్తోని మెల్లగ తిప్పిన.

0.09.

మళ్ళ తిప్పిన. 0.09. మా ఆవిడని లేపి చూపెట్టిన. ముల్లు కదలకుంటే ఏం చూడాల్నని అడిగింది. కదలకపోవుడే చూడాలె అన్న. పండుకో అన్నది.


చిలకలపూడి:

మా అబ్బాయి చదివి వినిపించాడండి. చాలా సంతోషం. తీగ తెగకుండా ఆగే చోటు చెప్తే రాదు, చెయ్యి నేర్చుకోవాలి. మూడే తెగినయ్ అంటే తక్కువే.


వెర్నియర్_మామ:

0.09 అంటే అసలు కొలతలో ముక్కాలు మి.మీ. లోపే. రోడ్డు మీద తిరిగే నా కారు చక్రం కొలిస్తే అంత రాదు. శభాష్.

ఇక టైర్ల సంగతి. రబ్బరు తిప్పాలనుకుంటే వద్దు, టూలు కింద పారిపోతుంది. మూస చేసి సిలికాన్ పోయడమే నయం, నల్ల పిగ్మెంట్ మాత్రం తక్కువ కలపండి, కాటుకలాంటి నలుపు టైరుకి నప్పదు, కాస్త బూడిద తిరిగి ఉండాలి.


ఇత్తడి_రజను (మళ్ళ రెండు వారాల తర్వాత):

నాలుగు చక్రాలు అయినయి. 0.09, 0.12, 0.08, 0.11. వెనకవి వెడల్పు ఎక్కువ కాబట్టి ఇంకో ఫిక్చర్ తిప్పాల్సి వచ్చింది. హబ్ మధ్యల ఆ చెవుల నట్టు, సుత్తితోని కొట్టి విప్పేది, అది కూడా నాలుగు చేసిన. ఊరికే అతికించలే, నిజంగ మర వేసిన, విప్పితే చక్రం ఊడుతది. ఆ రోజు ఫాంజియో 22 ల్యాపుల రేసుల మధ్యల ఆగి వెనక టైర్లు మార్పించుకుని, పెట్రోలు పోయించుకుని, మళ్ళ పోయి హాథార్న్, కొలిన్స్ ఇద్దరి ఫెరారీలని పట్టుకొని 3.6 సెకన్లతోని గెలిచిండు గదా. ఆ టైర్లు మార్చిన నట్టు ఇది, ఉత్త బొమ్మ నట్టు పెడితే మనసొప్పలే. ఫోటోలు పెడుతున్న, నట్లు విప్పి హబ్ మర కనిపించేటట్టు నాలుగు దిక్కుల తీసిన.


సుత్తిదెబ్బ:

బాబూ ఏం పనయ్యా ఇది. మా షెడ్లో కుర్రోళ్ళందరికీ చూపించా.


ప్లాస్టిక్_బాబు:

బ్రో నేను ఒక చిన్న వాడిన లేత్ చూస్తున్నా, సెకండ్‌హ్యాండ్. మీరే కారణం. అమ్మకి మాత్రం ఇంకా చెప్పలేదు.


కోవెంట్రీ_రావు:

అద్భుతం రజను గారూ. జూమ్ చేసి చూశాను, మర కూడా శుభ్రంగా పడింది. ఒక్కటి అడగనా, కోప్పడొద్దు. నాలుగు హబ్‌ల మీదా మర ఒకే వైపు తిరిగి ఉంది. ఈ రకం ఒంటి నట్టు చక్రాలకి రెండు పక్కలా ఒకే మర ఉండదు, ఒక పక్క మామూలు మర, ఇంకో పక్క ఎడమ మర. బండి పోతుంటే నట్టు వదులవకుండా బిగుసుకోవాలి కాబట్టి. సైకిల్ పెడల్ ఎడమ వైపుది తిరగేసి ఉంటుంది చూడండి, అలా.


సైకిల్_శీను:

అరె అవును. నాకు తట్టాల్సింది ఇది 🙏


వెర్నియర్_మామ:

నాకూ.


ఇత్తడి_రజను:

ఫోటోలు పెట్టకుండ ఉంటే అయిపోవు.

పెద్దాయన టంకం గట్టిగనే ఉన్నది కాబట్టి చక్రాల జోలికి పోను, రెండు హబ్ పిన్నులు, రెండు నట్లు మళ్ళ తిప్పాలె అంతే. ఎడమ మర ట్యాపు అంత సన్నది ఇక్కడ దొరకదు, లేత్ మీదనే లీడ్‌స్క్రూ ఉల్టా తిప్పి కోసుకోవాలె. మామా, ఆ చైనా లేత్‌కి రివర్స్ గేరు ఉన్నదా లేదా అని ఇప్పుడు మూత తీసి చూస్తున్న, దిక్కు మార్చేటందుకు మధ్యల ఇంకో ఐడ్లర్ గేరు పెట్టాల్నేమో, ఫోన్ ఎత్తండి జర.